శుక్రవారం మోగిన గంట

మా వీధిలో రోడ్డు వేస్తున్నారు. పొద్దుటి నుంచి తారు కాగుతోంది. కిటికీలన్నీ బిగించినా ఆ వాసన ఇల్లంతా నిండిపోయింది. మా కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "మీకేం కావడం లేదా అత్తమ్మా?" అంది. ఏం చెప్పను? నాకు కడుపులో తిప్పదు, తలనొప్పి రాదు. తారు వాసన వస్తే నాకు భయమేస్తుంది. నలుగురి మీదా నోరు చేసుకునే మనిషిని, వాసనకు భయపడతానంటే నవ్వుతుందని ఊరుకున్నాను.

నాకు ఆ భయం పట్టుకున్నది మా ఊళ్లో. మానుకోట నుంచి కేసముద్రం పోయే బాటకు కాస్త లోపలికి ఉండేది మా ఊరు. ఊరికి ఎడంగా మా వాడ, వాడ చివర పెంకుల కప్పుతో మా గుడి. కతోలికులం మేము చర్చిని గుడి అనే అనేవాళ్లం. గుడి పక్కన చింతతోపు, తోపు దాటితే పల్లి చేలు, చేల అవతల చిన్న గుట్ట. గుడి ముందు నాపరాయి మెట్లు, లోపల ఎప్పుడూ సాంబ్రాణి వాసన, గబ్బిలాల వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ నాకు దేవుడంటే ఆ రెండు వాసనలే.

పేరుకు విచారణ, అంటే చుట్టుపక్కల గుళ్ల పెత్తనమంతా, ఫాదర్‌గారిది. ఆయన మానుకోటలో ఉండి నెలకు రెండుసార్లు మోటారు సైకిల్ మీద వచ్చి పూజ చేసి పోయేవారు. గుడిని నడిపింది మాత్రం ఉపదేశి తాత, ఆయన భార్య ఉపదేశమ్మ. జపాలు నేర్పడం, పెళ్లి చాటింపులు చదవడం, చావుకు సిద్ధమైనవాళ్ల దగ్గర కూర్చోవడం తాత పని. పీఠం గుడ్డలు ఉతికి గంజి పెట్టడం, దీపంలో నూనె పోయడం, కాన్పులు చేయడం, చచ్చిపోయిన ఆడవాళ్లకు స్నానం చేయించడం ఆమె పని. తండా నుంచి లంబాడి ఆడవాళ్లు కూడా పిల్లలను చంకనేసుకుని ఆమె ఎర్రమందు కోసం వచ్చేవాళ్లు. అసలైతే వాళ్లది గుంటూరు వైపు. పెళ్లయిన కొత్తలో ఎవరో తెల్లదొర ఫాదర్‌గారి వెంట ఎడ్లబండిలో వచ్చారట. గుడికి పెంకులు ఎక్కించేటప్పుడు ఆమె కడుపుతో ఉండి కూడా తట్ట మోసిందని మా నాయినమ్మ చెప్పేది. వాళ్లకు పుట్టిన ఇద్దరు పిల్లలూ గత్తరకు, అదే కలరాకు, పోయారు. ఇద్దరినీ మా సమాధుల తోటలో గోడ వారగా పెట్టారు. ఆ మట్టిదిబ్బలు రెండూ పక్కపక్కన, ఎప్పుడు చూసినా అలికి ఉండేవి.

తాతకు నియమమంటే నియమమే. సత్ప్రసాదం పరగడుపునే తీసుకోవాలి, అందుకని ముందు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, "నోరు తెరువు" అని వాసన చూసేవాడు. పొద్దున్నే చాటుగా జొన్న గటక తిని వచ్చినవాళ్లు దొరికిపోయేవాళ్లు. నేను జామాకు నమిలి పోయినా పట్టేశాడు. ఉపదేశమ్మ దానికి పూర్తిగా ఎదురు. పాస్కా పండుగకు, అంటే ఈస్టరుకు, ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలంలో పెద్దవాళ్లంతా ఒక్కపొద్దులుండి నీరసంగా తిరుగుతుంటే, మమ్మల్ని గుడి వెనక్కి పిలిచి బెల్లం ముక్క చేతిలో పెట్టేది. "పిల్లలకు ఒక్కపొద్దేమిటి, దేవుడికి తెలీదా?" అనేది. తాత చూస్తే, "ఇదిగో, నీ వల్లే వీళ్లు నరకానికి పోయేది" అని గొణిగేవాడు. "పోతే నేనూ పోతాలెండి, అక్కడ ఎవరో ఒకరు వండిపెట్టాలిగా" అనేది ఆమె.

ఒకసారి మేము జామకాయలు చక్రాల్లా కోసి, మా అవ్వ, అంటే మా అమ్మ, పాత చీర కప్పుకుని, చింతచెట్టు కింద పూజ ఆట ఆడాం. ఫాదర్‌ని నేనే. చాలా గంభీరంగా అందరి నాలుకల మీదా జామముక్కలు పెడుతున్నాను. తల ఎత్తేసరికి వరస చివర ఉపదేశమ్మ మోకరించి నోరు తెరిచి ఉంది. నేను జామముక్కలు వీపు వెనక దాచుకున్నాను. ఆమె మాత్రం, "ముందు చేతులు కడుక్కున్నావా ఫాదరూ?" అంది. ఆ సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంది.

ఆ భయం పట్టుకున్న ఏడాది మాకు బడి లేదు. మా రాష్ట్రం మాకు కావాలని అరవై తొమ్మిదిలో మొదటిసారి లేచిన ఉద్యమం అది. మానుకోటలో బడులకు తాళాలు వేశారు, పిల్లలంతా రోడ్ల మీదికొచ్చారు. నాకు సెలవులొచ్చాయని సంబరం తప్ప ఇంకేమీ తెలియదు. పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఎక్కడో బస్సు తగలబెట్టారట, ఎక్కడో పోలీసులు కాల్చారట. కేసముద్రం మార్కెట్లో కోస్తావాళ్ల దుకాణాలకు షట్టర్లు దిగాయట. బడిలో లెక్కలు చెప్పే గుంటూరు సారు సంసారంతో సహా వెళ్లిపోయాడట. రైళ్లు ఆగిపోయాయి. రోజూ వినపడే కూత వినపడకపోతే ఊరు ఊరంతా చెవి వొగ్గి దేనికోసమో చూస్తున్నట్టుండేది.

మా బాపు ఉద్యమం మనిషే. మా చిన్నాయిన పన్నెండో తరగతి చదివి, కొలువు కోసం తిరిగి తిరిగి, ఆఖరికి మిరప చేను కాడ కావలి ఉన్నాడు. "మన కొలువులు మనకు గావాలె. గిది న్యాయమైన కొట్లాట" అనేవాడు బాపు. నేను ఇప్పటికీ అదే అంటాను. కానీ ఉపదేశి తాత సంగతి వచ్చేసరికి బాపు గొంతు తగ్గేది. "ఆయనది ఏ కొలువు? మన పీనుగులను మోసే కొలువు. గది ఎవడు గుంజుకున్నడు మన దగ్గర్నుంచి?" అనేవాడు. అది బాపుకు తెలుసు, మాకందరికీ తెలుసు. ఊరు దాటితే ఎవరికి తెలుసు?

ఫాదర్‌గారు కబురు చేశారు, కొన్నాళ్లు వరంగల్ పోయి ఉండమని. తాత వినలేదు.

"పాస్కా పండుగ ముందు పెట్టుకుని గుడి వదిలేసి వస్తానా? పండుగ కానివ్వండి, చూద్దాం" అన్నాడు. ఉపదేశమ్మను అడిగితే సమాధుల తోట వైపు చూసి, "వాళ్లిద్దరినీ ఎవరికి అప్పజెప్పి రమ్మంటారు?" అంది.

పండుగకు వారం ముందు, మట్టల ఆదివారం పొద్దున ఈతమట్టలు పట్టుకుని గుడికి పోయేసరికి, తెల్లటి సున్నం గోడ మీద ఇంతింత అక్షరాలతో తారు పూసి ఉంది. 'వాపస్ పో' అని. పిల్లలం పలక మీద చదివినట్టు గట్టిగా చదివాం. మా అవ్వ నా నోరు మూసింది. తాత కిరసనాయిలు గుడ్డతో తుడవబోతే అక్షరాలు చెరిగి నల్లగా పరుచుకున్నాయి తప్ప పోలేదు. ఉపదేశమ్మ ఆయన చేతిలో గుడ్డ లాక్కుని, మట్టలన్నీ తెచ్చి గోడకు దడిలా కట్టేసింది. ఎండ ఎక్కేకొద్దీ తారు కరిగి మట్టలకు అంటుకుంది. ప్రార్థన సాగినంతసేపూ సాంబ్రాణిని మించి ఆ వాసనే వచ్చింది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

ఆ సాయంత్రం ఊరి పటేలు గుడి మెట్ల దాకా వచ్చాడు. ఆయన మా మతం కాదు, ఎన్నడూ మా వాడకు రాని మనిషి.

"పంతులూ, నువ్వు పరేషాన్ గాకు. నా కొడుకులు నీ భార్య చేతుల మీదనే పుట్టిన్రు. ఎవడన్న వస్తె గంట కొట్టు. ఊరు ఊరంత కట్టెలు వట్టుకొని ఉరికొస్తం" అన్నాడు.

"చేలల్ల ఉన్నా ఇనవడ్తది గా గంట" అన్నాడు బాపు. నిజమే, మా గంట పెద్దది. దాని మోత తండాకు కూడా వినపడేది. అందరికీ గుండెల మీంచి బరువు దిగింది. తాత చేతులు జోడించాడు. పటేలు ఆయనను, పండుగ దాకా బాట మీదికి రావద్దని, గుడి దాటొద్దని కూడా ఒట్టు వేయించుకుని పోయాడు.

గురువారం ఫాదర్‌గారు ఎట్లాగో సందులు పట్టుకుని వచ్చి పూజ చేశారు. పూజ మధ్యలో గంట మోగింది. ఆ మోత తర్వాత మాలో గంట ముట్టరు. శుక్రవారం ప్రభువు చనిపోతాడు, శనివారం సమాధిలో ఉంటాడు. లేచేదాకా గంట నోరు మూసుకోవాలి. దాని బదులు ఒక చెక్క పలక ఉంటుంది, దానికి చిన్న కొయ్య సుత్తి బిగించి ఉంటుంది. ఊపితే కటకటమంటుంది. మేము దాని పేరే కటకట అని పెట్టుకున్నాం. శుక్రవారం మధ్యాహ్నం ప్రభువు ప్రాణం విడిచే వేళకు దాన్ని వాయిస్తారు. అది వినపడగానే ఎక్కడివాళ్లు అక్కడ మోకరించాలి. ఆగేదాకా లేవకూడదు, మాట్లాడకూడదు.

పూజ కాగానే తాత గంట తాడును పైకి చుట్టి, మేకుకు బిగించి ముడి వేశాడు. మా బాపు చూశాడు, ఫాదర్‌గారు చూశారు, వాడ వాడంతా చూశాం. మా ధైర్యమంతా పెట్టుకున్నది ఆ గంట మీదే. దాన్నే కట్టేస్తుంటే ఒక్కరంటే ఒక్కరికి తట్టలేదు. ఏటా కట్టేదే కదా. "ఆదివారం జీపు పంపిస్తాను, ఇద్దరూ వచ్చేయండి, ఇంక మాట్లాడకండి" అని చెప్పి ఫాదర్‌గారు వెళ్లిపోయారు.

శుక్రవారం సిలువమార్గం ఊరేగింపు గుట్ట మీదికి పోతుంది. ఏటా తాతే నడిపేవాడు. పటేలుకు మాట ఇచ్చాడు కాబట్టి ఈసారి సిలువ మా బాపు భుజానికెత్తుకున్నాడు. వాడలో ముసలీముతకతో సహా అందరూ పోయారు. నాకు అరికాల్లో తుమ్మముల్లు దిగి వాచిందని ఉపదేశమ్మ దగ్గర వదిలిపోయారు. గుడి వెనక పెద్ద గుండిగలో నూకల గంజి ఉడుకుతోంది. గుట్ట దిగి వచ్చినవాళ్లకు ఆ రోజుకు అదే తిండి. ఆమె పచ్చిమామిడికాయ తొక్కు నూరుతోంది. నేను ఆకలితో ఆ తొక్కునే చూస్తున్నాను. గుట్ట మీది పాట గాలి తిరిగినప్పుడల్లా వినిపించి ఆగిపోతోంది. ఎండకు కాకి కూడా అరవడం లేదు.

అప్పుడు బాట మీద ట్రాక్టరు చప్పుడైంది.

ట్రాలీ నిండా కుర్రవాళ్లు. మా వైపు వాళ్లు కాదు, ఒక్క ముఖమూ తెలియదు. నినాదాలు కూడా ఇవ్వడం లేదు. నెమ్మదిగా దిగి గుడి ముందుకు వచ్చారు. ముందున్నవాడు మర్యాదగానే మాట్లాడాడు.

"పంతులంటే నువ్వేనా? సామాన్లు ఎక్కియ్యి. కేసముద్రం టేషన్ల దింపుతం. మీ ఊరికి మీరు పోండ్రి."

"రైళ్లు లేవు కదయ్యా" అన్నాడు తాత.

"వచ్చినప్పుడే ఎక్కుదురు."

"ఇవాళ శుక్రవారం బాబూ. గంజి తాగి కూర్చోండి. ఆదివారం మేమే పోతాం."

వాళ్లు కూర్చోవడానికి రాలేదు. ఇద్దరు గుడి పక్కనున్న గదిలోకి దూరి మంచం, ట్రంకుపెట్టె మోసుకొచ్చి ట్రాలీలో పడేశారు. పొయ్యి మీది గుండిగను ఎవడో కాలితో తన్నాడు. గంజి మట్టిలోకి పొగలు కక్కుతూ పారింది. ఉపదేశమ్మ నా రెక్క పట్టుకుని గుడి లోపలికి లాక్కుపోయింది. వాకిలి దగ్గర తాత నిలబడి ఉన్నాడు.

"గంట కొట్టండి" అంది ఆమె.

ఆయన మేకుకు ముడి వేసిన తాడు వైపు చూశాడు.

"కొట్టండీ! పటేలు చెప్పాడుగా!"

"ఇవాళ గంట మోగకూడదే" అన్నాడు. ఆ ముఖం నేను మరచిపోలేదు. మొండితనం కాదు. మూఢత్వమని ఎవరన్నా అంటే కూడా నాకు కోపం వస్తుంది. ఆ చేతులకు తెలిసిన పద్ధతి అంతే. పీఠం మెట్టు మీది కటకట అందుకుని, వాకిట్లోకి పోయి, బలమంతా పెట్టి వాయించడం మొదలుపెట్టాడు. చప్పుడు ముఖ్యం, ఏ చప్పుడైతేనేం, మనవాళ్లు వింటే వస్తారు అనుకున్నాడేమో.

మనవాళ్లు విన్నారు. తర్వాత బాపు ఎన్నిసార్లు చెప్పి ఏడ్చాడో. గుట్ట మీద అందరికీ ఆ చప్పుడు వినపడింది. వినపడగానే బాపు సిలువ దించాడు. వాడ వాడంతా రాళ్ల మీద మోకరించి తలలు వంచింది. ఎంతకూ ఆగకపోయినా ఎవరూ లేవలేదు. "ఈసారి తాతకు దుఃఖం ఎక్కువుందనుకున్నం బిడ్డా" అనేవాడు బాపు. మిరప చేలల్లో ఉన్న ఊరివాళ్లు కూడా విన్నారు. వాళ్లకది మా పండుగ చప్పుడు. ఏటా వినేదే.

"బంద్ చెయ్ గది!" అని ఎవడో అరిచాడు. తాత ఆపలేదు. ఒకడు కటకట లాగాడు, తాత వదల్లేదు. వాడు విసురుగా తోశాడు. కొట్టాలని కూడా కాదేమో, వదిలించుకోవాలనే తోశాడేమో. నాపరాయి మెట్టు అంచుకు తల తగిలిన చప్పుడు మాత్రం నాకు లోపలికి వినపడింది. కటకట ఆగిపోయింది.

ఉపదేశమ్మ గంట కిందికి పరుగెత్తింది. మోకరించే పీట ఈడ్చుకొచ్చి, "పట్టుకోవే గట్టిగా" అని నాతో పట్టించి, దాని మీదికెక్కింది. ముడి రాలేదు. పళ్లతో లాగింది. అప్పటికీ రాకపోతే, మట్టలు కోసిన కొడవలి అక్కడే గూట్లో ఉంది, అందుకుని తాడు తెగ్గోసింది. తెగిన కొసను రెండు చేతులకూ చుట్టుకుని తన బరువంతా వేసి లాగింది. నా తల మీద గంట మోగింది. శుక్రవారం నాడు. నేను ఏడుస్తూ పీట పట్టుకుని నిలబడ్డాను.

ఆ మోతకు గుట్ట మీద ఎవరూ ఆలోచించలేదట. బాపు సిలువ వదిలేసి పల్లి చేలకు అడ్డంపడి పరుగెత్తాడు. ఊళ్లోంచి పటేలు మనుషులు వచ్చారు. అప్పటికి ట్రాక్టరు బాట ఎక్కి దుమ్ములో కలిసింది, వాళ్ల మంచంతో, ట్రంకుపెట్టెతో సహా.

తాత తల ఉపదేశమ్మ ఒడిలో ఉంది. ఆమె పీఠం గుడ్డ అదిమి పట్టుకుంది. అది ఎర్రబడుతోంది. చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచాడు.

"గంట ఎవరు కొట్టారు?"

"నేనే."

"శుక్రవారం కదే..."

"ఆయన మూడోనాడు లేస్తాడు" అంది ఆమె. "మీరు లేస్తారా?"

పటేలు కండువాతో ముఖం కప్పుకున్నాడు. బాపు, "కొట్లాట మనదే, అబద్ధం గాదు. గీ నెత్తురు ఎవరిది మరి?" అని ఎవరినో అడిగినట్టు అడుగుతూనే ఉన్నాడు.

బండి కట్టి మానుకోటకు, అక్కడి నుంచి జీపులో వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. పండుగ వెళ్లి వారం తిరక్కముందే ఆయన పోయాడు. ఆ రోజుల్లో మళ్లీ బంద్. శవాన్ని ఊరికి తేవడానికి దారి దొరకలేదు. అక్కడే ఎవరిదీ కాని నేలలో పెట్టేశారు. జీవితమంతా మా చావులకు గుంటలు తవ్వించిన మనిషికి మేము ఒక పిడికెడు మట్టి వేయలేకపోయాం. ఇది తలచుకుంటే నాకిప్పటికీ కోపం ఆగదు. ఎవరి మీదో తెలియదు.

ఆమె ఇక గుంటూరు వైపు వెళ్లిపోతుందని అందరూ అనుకున్నారు. ఆ వానాకాలం, నాట్లు పడుతుండగా, ఒక మూటతో బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. బాపు ఎదురుపోయి, "ఒక్కదానివే ఎట్లొచ్చినవమ్మా?" అన్నాడు. "ఎట్లా వస్తే ఏంటయ్యా, దీపంలో నూనె ఉందా?" అంది. లేదు. అప్పటికి చాలా రోజులుగా ఎవరూ పోయలేదు.

మళ్లీ అన్నీ చేసింది. పీఠం గుడ్డలు ఉతికింది, కాన్పులు చేసింది. కొత్త ఉపదేశికి ఎక్కడ ఏముందో చూపించింది. ఒక్కటే మారింది. శుక్రవారం కటకట మోగినప్పుడు వాడంతా మోకరించేది, ఆమె మాత్రం మోకరించేది కాదు. గుడి వాకిట్లో ఒక్కతే నిలబడి ఉండేది. మోకాళ్ల నొప్పులనుకున్నారు కొందరు. దేవుడి మీద అలిగిందన్నారు ఇంకొందరు. కొత్త ఫాదర్‌గారు మెల్లగా మందలించి చూశారు కూడా. ఆమె తల ఊపేది, మళ్లీ ఏడు నిలబడేది.

నాకు పెళ్లి కుదిరిన ఏడాది, ఆమె పక్కనే మోకరించి ఉండి, ఉండబట్టలేక కొంగు పట్టుకుని లాగాను. మాట్లాడకూడని వేళ అది. అయినా గుసగుసగా అడిగాను, "అమ్మా, జర మోకరించరాదూ, అందరు చూస్తున్నరు" అని.

ఆమె నా తల మీద చెయ్యి వేసింది. చూపు మాత్రం బాట మీంచి తిప్పలేదు.

"మీరు కానివ్వండమ్మా. అందరూ మోకాళ్ల మీదుంటే, వచ్చేవాళ్లను ఎవరు చూస్తారు?"